రెండు వందల డెబ్భై గ్రేస్ మార్కులు

అమెరికాలో, ఆర్కన్సా రాష్ట్రంలోని బెంటన్‌విల్‌లో మేము మొదట కాపురం పెట్టిన అపార్ట్‌మెంట్ల వెనక ఒక పాత బౌలింగ్ ఆలీ ఉండేది, బరువైన బంతి దొర్లించి అవతల నిలబెట్టిన సీసాల్లాంటి కొయ్య పిన్నుల్ని పడగొట్టే ఆట చోటు. ఇప్పుడు ఆ రేకుల షెడ్డులో పికిల్‌బాల్ ఆడుకుంటున్నారు. మొన్నొక రోజు అటుగా వెళ్తుంటే మా ఆవిడ కారు ఆపమంది. ఆపాను. కాసేపు ఆ గోడని చూసి, ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది. ఎందుకు నవ్వుతున్నావని నేను అడగలేదు. ఆ గోడకి లోపలి వైపు పద్దెనిమిది వారాల పాటు ఒక కాగితం అంటించి ఉండేది. దాన్ని తలుచుకుంటే ఆవిడకి నవ్వు, నాకు ఒళ్ళు మంట.

ముందే చెప్పేస్తున్నాను, నాకు కోపం ఎక్కువ. మాది గుంటూరు వైపు కాబట్టి అలా అంటారు గానీ నేను ఒప్పుకోను. నన్ను చెడగొట్టింది నేను ఇంటర్ చదివిన రెసిడెన్షియల్ కాలేజీ. అక్కడ వారంవారం పరీక్ష పెట్టి, ర్యాంకుల కాగితం మెస్ గోడకి అంటించేవాళ్ళు. ఇడ్లీ ప్లేటు పట్టుకుని ముందు నా పేరు ఎక్కడుందో చూసుకుని, ఆ తర్వాతే చట్నీ వేయించుకునేవాణ్ణి. ఆ రెండేళ్ళలో నా బుర్రలో ఏదో నరం అలాగే బిగుసుకుపోయింది. గోడ మీద పేర్ల జాబితా ఎక్కడ కనిపించినా, అది అపార్ట్‌మెంట్‌లో పార్కింగ్ నంబర్ల జాబితా అయినా సరే, మనం ఎన్నోవాళ్ళం అని వెతుకుతాను.

ఆ ఆలీని కనిపెట్టింది మా ఆవిడ. ఆవిడది రాజమండ్రి, ఎంసీఏ డిస్టింక్షన్‌లో పాసయింది. పెళ్ళయ్యాక నాతోపాటు హెచ్-ఫోర్ వీసా మీద వచ్చింది. ఆ రోజుల్లో ఆ వీసా వాళ్ళకి ఉద్యోగం చేసే అనుమతి లేదు. ఉన్నది ఒక్క కారు, అది పొద్దున్నే నాతో ఆఫీసుకి వచ్చేసేది. కారు లేకుండా ఆ ఊళ్ళో పాల ప్యాకెట్ కూడా తెచ్చుకోలేం. లీజు కాగితమైనా, డాక్టరు దగ్గర ఫారమైనా, పైన నా పేరు, కింద డిపెండెంట్ అన్న గడిలో ఆవిడ పేరు. ఒకరోజు నడకకి వెళ్తే వాన వచ్చిందట. తడవకుండా ఆ షెడ్డులోకి దూరింది. ఆ సాయంత్రం నేను బూట్లు విప్పకముందే మొదలుపెట్టింది.

"ఏవండీ, అక్కడ బంతి దొర్లే చోట నేలకి నూనె రాస్తారట! తెలుసా మీకు? చీపురు కర్రతో కొడితే గానీ బంతి వెనక్కి రాదట! ఓనరమ్మ నాకు ఊరికే ఒక ఆట ఆడనిచ్చింది. ఆరు పిన్నులు పడగొట్టాను!"

రెండేళ్ళలో ఆవిడ అంత గబగబా మాట్లాడటం నేను వినలేదు. సరే పద, చూద్దాం అన్నాను.

లోపల బంతి దొర్లించే లేన్లు ఎనిమిది. తివాచీ మీద గ్రహాల, తోకచుక్కల బొమ్మలు ఉండేవి, వాటి మీద ఎన్నేళ్ళ నాటివో సోడా మరకలు. పాప్‌కార్న్ వాసన, నేల నూనె వాసన, అద్దె బూట్లలో కొట్టే మందు వాసన కలిసి ఒకటే వాసనగా ముక్కులోకి వచ్చేది. ఓనరమ్మకి డెబ్భై ఏళ్ళుంటాయి. మెడలో గొలుసుకి కళ్ళజోడు, చేతిలో చీపురు కర్ర. బంతి వెనక్కి రాకపోతే లేచి వెళ్ళి, దాన్ని పంపే యంత్రాన్ని రెండు దెబ్బలు వేసి, నాలుగు చీవాట్లు పెట్టి వచ్చేది. దెబ్బలకి కాదు గానీ చీవాట్లకి భయపడి అది బంతిని పంపించేసేది.

బూట్ల దగ్గర మాకు పెద్ద చిక్కే వచ్చింది. ఎవడో తొడిగి విడిచిన బూట్లలో కాళ్ళు పెట్టడం ఏమిటి, ఛీ! మా ఆవిడ రెండు జతల మేజోళ్ళు వేసుకుంది. నేను అంతకంటే తెలివైనవాణ్ణి కాబట్టి, కాళ్ళకి ప్లాస్టిక్ కవర్లు చుట్టుకుని వాటిమీద బూట్లు తొడుక్కున్నాను. అడుగు వేస్తే బరబరా శబ్దం. పక్క లేన్ల వాళ్ళు తలలు తిప్పి చూశారు. పరిగెత్తుకొచ్చి, చిన్నప్పుడు క్రికెట్‌లో ఫాస్ట్ బౌలింగ్ వేసినట్టు బంతి విసిరాను. చిల్లుల్లో దూర్చిన వేళ్ళలోంచి బంతి ఊడలేదు. దానితోపాటు నేనూ వెళ్ళి నూనె నేల మీద బోర్లా పడ్డాను. పిన్నులు మాత్రం నిక్షేపంగా నిలబడే ఉన్నాయి. మా ఆవిడ తన వంతు రాగానే, ఖాళీ గ్యాస్ సిలిండర్ని వంటింట్లోంచి గుమ్మం దాకా దొర్లించినట్టు, తాపీగా బంతిని దొర్లించి ఏడు పిన్నులు పడగొట్టింది. నావైపు చూడకుండా వచ్చి కూర్చుంది. చూస్తే నవ్వొస్తుందని తర్వాత చెప్పింది.

అక్కడ గురువారం సాయంత్రాలు లీగ్ ఆడేవాళ్ళు. లేనుకి ఒక జట్టు, జట్టుకి ముగ్గురు, ఇరవై రెండు వారాలు. ఆ ఏడు ఒక జట్టు మానేస్తే ఓనరమ్మ ఆ చోటు మాకు ఇచ్చింది. ఒక్క షరతు. బయట వేరే జట్లు వరసలో ఉన్నాయి కాబట్టి, సీజన్ చివర ఎనిమిదో స్థానంలో ఉన్న జట్టు లేచి, చోటు వాళ్ళకి వదలాలి. "ఎనిమిదో స్థానమా? మనమా?" అని నేను గట్టిగా నవ్వాను. జట్టుకి మూడోవాడు కావాలి కదా. మా కింది ఫ్లాట్‌లో కరీంనగర్ తమ్ముడు ఒకడుండేవాడు, మా ఆఫీసులోనే కాంట్రాక్టు మీద పనిచేసేవాడు. అడగ్గానే, "అక్కడ నాచోస్ ఉంటయా అన్నా?" అన్నాడు. చీజ్ పోసిన ఆ మొక్కజొన్న చిప్సు ఉంటాయన్నాను. "అయితే నేను రెడీ" అన్నాడు.

రెండో గురువారం నాటికి చొక్కాలు వచ్చాయి. మెరూన్ రంగు, జేబు మీద పసుపు దారంతో పేరు. మా ఆవిడ పేరు పొడుగు. మా ఆఫీసు ఇన్సూరెన్స్ కార్డు మీద దాన్ని సగంలో నరికేశారు, బ్యాంకు వాళ్ళు రెండక్షరాలు తారుమారు చేశారు. చొక్కా మీద మాత్రం ఒక్క అక్షరం తప్పు లేకుండా పూర్తిగా ఉంది. ఆవిడ ఆ అక్షరాల మీద బొటనవేలితో రాసి చూసుకుంది. "కుట్టు గట్టిగానే ఉందండీ" అంది. ఆ చొక్కాని ఎప్పుడూ వాషింగ్ మెషీన్‌లో వేయలేదు, చేత్తోనే ఉతుక్కునేది.

ఆ రోజే గోడ మీద కాగితం అంటించారు. మొదటి వారం ఎవరెవరు ఎన్ని పిన్నులు కొట్టారో లెక్క. నా సంగతి తెలుసు కదా, చొక్కా గుండీలు పెట్టుకుంటూనే వెళ్ళి వెతికాను. మేము ముగ్గురం కలిసి ఒక ఆటకి కొట్టింది రెండు వందల డెబ్భై ఒకటి. దాని పక్కన ఇంకో గడి. అందులో ప్లస్ గుర్తు పెట్టి, రెండు వందల డెబ్భై.

"ఇదేమిటి?" అని ఓనరమ్మని అడిగాను. మాటలన్నీ ఇంగ్లీషులోనే, మీకు తెలుగులో చెప్తున్నాను.

"అది మీ హ్యాండిక్యాప్, హనీ. కొత్తవాళ్ళకీ పాతవాళ్ళకీ ఆట సమానంగా ఉండాలని లీగ్‌లో అందరికీ కలుపుతాం. బాగా ఆడేవాళ్ళకి తక్కువ, ఆడలేనివాళ్ళకి ఎక్కువ."

నాకు నషాళానికి అంటింది. గ్రేస్ మార్కులు! మేము చెమటోడ్చి సంపాదించింది రెండు వందల డెబ్భై ఒకటి అయితే, జాలిపడి పడేసింది దానికంటే ఒక్కటి తక్కువ! పక్కన చూశాను. లీగ్‌లో అందరికంటే బాగా ఆడే రిటైరైన ట్రక్కు డ్రైవరు పెద్దాయన జట్టుకి ముప్పై. మాకు రెండు వందల డెబ్భై. గోడ మీద, అందరూ చూసేటట్టు!

"నాకొద్దు. తీసేయండి" అన్నాను.

"ఏం తీసేయాలి?"

"ఆ మార్కులు. మేము చదువుకున్నవాళ్ళం. కష్టపడి పాసవుతాం."

ఓనరమ్మ కళ్ళజోడు పెట్టుకుని నన్ను పైనుంచి కిందికి చూసింది. ఇన్నేళ్ళలో వద్దన్నవాడు ఎవడూ లేడంది. పోనీ రాసివ్వమంది, అదీ నన్ను వదిలించుకోడానికి. నేను నిజంగానే రాశాను. కౌంటరు మీద దొరికిన నాప్‌కిన్ మీద, విషయం, సూచిక, గౌరవనీయులైన యాజమాన్యం వారికి అంటూ పద్ధతిగా రాసి, ముగ్గురి సంతకాలకి గీతలు గీశాను.

కరీంనగర్ తమ్ముడు మొత్తుకున్నాడు. "ఏందన్నా గిది? వాళ్ళే ఇస్తున్నరు గదా, తీసుకుంటే ఏంబోతది? నాచోస్ మీద చీజ్ ఇంకింత ఏస్తే వద్దంటవా?"

"చీజ్ వేరు, మార్కులు వేరు. సంతకం పెట్టు."

"నీకు దండం పెడ్త అన్నా" అంటూనే పెట్టాడు.

మా ఆవిడ పెన్ను తీసుకుని కాసేపు నావైపే చూసింది. "ఎందుకండీ అంత కోపం? ఆట కదా" అంది. నేను జవాబు చెప్పలేదు. ఆవిడ గుండ్రంగా, అందంగా సంతకం పెట్టి నాప్‌కిన్ నా చేతికిచ్చింది.

ఆ జవాబు ఇప్పుడు చెప్తాను. ఇంజనీరింగ్ మొదటి ఏడు డ్రాయింగ్ పేపర్లో నేను తప్పాలి. నాలుగు మార్కులు తక్కువయ్యాయి. యూనివర్సిటీ వాళ్ళు ఆ నాలుగూ కలిపి పాస్ చేశారు. చేసినవాళ్ళు ఊరుకున్నారా? మెమోలో ఆ మార్కుల పక్కన చిన్న నక్షత్రం గుర్తు వేశారు, కింద వివరం కూడా ఇచ్చారు. మా హాస్టల్లో ఒక సంవత్సరం పాటు నన్ను పేరు పెట్టి పిలిచినవాడు లేడు. "ఒరేయ్ నక్షత్రం, సబ్బు ఉందా?" "నక్షత్రం గారూ, బాత్రూం ఖాళీ అయిందా?" ఆ తర్వాత మొత్తం మీద డిస్టింక్షన్ తెచ్చుకున్నాను. పెళ్ళిచూపులప్పుడు డిస్టింక్షన్ అనే చెప్పాం, నక్షత్రం సంగతి ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. ఆ గోడ మీద ప్లస్ గుర్తు చూసేసరికి, ఏళ్ళ తరబడి దాచిపెట్టిన ఆ నక్షత్రం మళ్ళీ నా నెత్తిమీద వెలిగినట్టనిపించింది. నిజం చెప్తున్నాను, చాలా సిగ్గుపడ్డాను. సిగ్గేస్తే నాకు కోపం వస్తుంది.

మూడో వారం నుంచి గోడ కాగితంలో మా జట్టు పక్కన సున్నా పెట్టారు. స్థానం ఎనిమిది. నాలుగో వారం ఎనిమిది. అయిదో వారం ఎనిమిది. ఫరవాలేదు, ప్రిపరేషన్ చాలలేదు అనుకున్నాను. కోచింగ్ మొదలుపెట్టాను. వీడియోలు చూసి నోట్సు రాశాను. ఆదివారం ఇంట్లో వసారాలా పొడుగ్గా ఉన్న దారిలో పది కోక్ సీసాలు నిలబెట్టి, బంతి బదులు పుచ్చకాయతో ప్రాక్టీసు పెట్టాను. మూడో విసురుకి పుచ్చకాయ బెడ్‌రూం తలుపుకి తగిలి పగిలింది. లేత రంగు కార్పెట్ మీద ఎర్రటి రసం పరుచుకుంది. కింది ఫ్లాట్ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, పైన ఎవలన్న పడ్డరా?"

"పుచ్చకాయ పడింది."

"కోసి పంపియ్ మరి."

మా ఆవిడ తాపీగా ఉప్పూ వెనిగరూ తెచ్చి కార్పెట్ తుడిచింది. ఆవిడ అంత నిదానంగా ఉండటం చూసి నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

అనుమానం రావాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి. నేను లోపలికి అడుగుపెట్టగానే ఓనరమ్మ కౌంటరు వెనకనుంచి లేచి, టేపు ముక్క పంటితో కొరుకుతూ గోడ వైపు పరుగులాంటి నడకతో వెళ్ళేది. నేను బూట్లు తొడుక్కుని వచ్చేసరికి కాగితం అప్పుడే అంటించినట్టు ఒక మూల ఊగుతుండేది. ఒకసారి ట్రక్కు పెద్దాయన ఆట అయ్యాక మొహం ముడుచుకుని వచ్చి నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చి, "ఈసారి మమ్మల్ని దెబ్బకొట్టారు" అన్నాడు. పాపం, ఓడినవాళ్ళని గౌరవించే సంస్కారం అనుకున్నాను. ఇంకోసారి చివరి బంతికి మా ఆవిడ తొమ్మిది పిన్నులు పడగొడితే, తమ్ముడు నాచోస్ పళ్ళెంతో సహా ఎగిరి, "గెలిచినం వదినా!" అని అరిచాడు.

"ఎక్కడ గెలిచాం రా?" అన్నాను.

వాడు నోట్లో నాచోస్ గబుక్కున మింగాడు. "అంటే... నైతికంగ అన్నా. నైతికంగ గెలిచినం."

నాకు గుండె ఉప్పొంగింది. ఆ వారం కారులో వస్తూ నిజాయితీ గురించి ఇద్దరికీ చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఊళ్ళో అందరూ మనల్ని గౌరవంగా చూస్తున్నారు, గమనించారా అన్నాను. గమనించామన్నారు. వెనక సీటులో తమ్ముడు కిటికీ వైపు తిరిగి దగ్గాడు. చాలాసేపు దగ్గాడు.

ఇరవయ్యో వారం అయ్యాక ఇంట్లో కూర్చుని స్ప్రెడ్‌షీటు తీశాను. ఎటు తిప్పి లెక్కేసినా, మిగిలిన రెండు వారాలూ మేము ముగ్గురం ప్రతి బంతికీ పదికి పది పడగొట్టినా ఏడో స్థానంలోకి రాలేం. సీజన్ అవగానే చోటు ఖాళీ చేయాలి. కొంప మునిగింది. సరే, ఆట పోతే పోయింది, పరువు నిలబడింది కదా అని నాకు నేనే సర్దిచెప్పుకుంటున్నాను. అప్పుడు వంటింట్లోంచి మా ఆవిడ ఫోన్‌లో వాళ్ళమ్మతో మాట్లాడటం వినిపించింది.

"గురువారం వద్దమ్మా, గురువారం నాకు కుదరదు. మ్యాచ్ ఉంటుంది. నేను లేకపోతే జట్టు ఎలా ఆడుతుంది? శుక్రవారం చెయ్యి."

అంతే. మామూలు మాటే. కానీ నేను స్ప్రెడ్‌షీటు మీద చెయ్యి అలాగే ఉంచి కూర్చుండిపోయాను. ఈ దేశం వచ్చాక నాకు కుదరదు అని ఆవిడ ఎవరితోనూ అనగా నేను వినలేదు. ఆవిడకి ఎప్పుడూ కుదిరేది. ప్లంబరు ఎప్పుడొస్తానన్నా కుదిరేది, ఎవరింట్లో పూజకి ఎవరు వంట సాయం అడిగినా కుదిరేది, నేను ఎప్పుడు భోజనానికొచ్చినా కుదిరేది. వారంలో ఒక్క రోజు, రెండు గంటలు కుదరకుండా సంపాదించుకుంది. ఆ రెండు గంటల్నీ నా నక్షత్రం కోసం నేను నాప్‌కిన్ మీద రాసిచ్చేశాను. చాలా బాధేసింది. నామీద నాకు వచ్చిన కోపం ముందు, ఓనరమ్మ మీద వచ్చినది అసలు కోపమే కాదు.

మంగళవారం లంచ్ టైంలో ఆఫీసులో ఎవరికీ చెప్పకుండా ఆలీకి వెళ్ళాను. లోపల ఓనరమ్మ ఒక్కతే అద్దె బూట్లలో మందు కొడుతోంది. నేను నిలబడి గొంతు సవరించుకున్నాను. ఆఫీసులో డైరెక్టరు ముందు ప్రెజెంటేషన్ ఇవ్వబోయేవాడిలా చొక్కా సర్దుకున్నాను.

"ఆ గ్రేస్ మార్కులు మాకు మళ్ళీ కావాలి" అన్నాను. "మొదటి నుంచీ లెక్కేసి ఇవ్వండి. రూల్స్ ఒప్పుకోవంటే నన్ను జట్టులోంచి తీసేయండి, తప్పు నాది. మా ఆవిడ చోటు మాత్రం తీయకండి. ఆవిడ బాగా ఆడుతుంది."

"ఇంత కోపంగా వద్దన్నావు కదా, ఇప్పుడేమైంది?"

చెప్పేశాను. డ్రాయింగ్ పేపరు, నాలుగు మార్కులు, మెమో మీద నక్షత్రం, సబ్బు అడిగినవాళ్ళు, అంతా. ఆర్కన్సాలో డెబ్భై ఏళ్ళ ఆవిడకి మా యూనివర్సిటీ మోడరేషన్ పద్ధతి వివరించాను. ఆవిడ బూటు పట్టుకునే వింది. మధ్యలో ఒకసారి నాలుగు మార్కులేనా అని అడిగింది. నాలుగేనన్నాను. ఆవిడ బూటు కింద పెట్టి, కౌంటరు సొరుగు తెరిచి, కాగితాల కట్ట తీసి నా ముందు పెట్టింది.

ప్రతి వారానిదీ ఒక కాగితం. అన్నిటిలోనూ మా జట్టు పక్కన ప్లస్ గుర్తు, రెండు వందల డెబ్భై. చివరి కాగితంలో మా స్థానం అయిదు.

కట్టని మొదటి నుంచి మళ్ళీ తిరగేశాను.

"నువ్వు నాప్‌కిన్ ఇచ్చిన మర్నాడు పొద్దున్నే మీ ఆవిడ నడిచి వచ్చింది" అంది ఓనరమ్మ. "డబ్బాలో ఏదో పసుపు అన్నం, వేరుశనగ గింజలు వేసింది, అంత పుల్లటిది నేనెప్పుడూ తినలేదు, ఇప్పుడు వారంవారం తింటున్నాను. నువ్వు రాసింది చెత్తబుట్టలో వేయమంది. నిన్ను మాత్రం బాధపెట్టొద్దంది. అందుకని గోడకి నీకోసం వేరే కాగితం. నువ్వు లేనప్పుడు అసలుది ఉంటుంది."

"ఎవరెవరికి తెలుసు?"

"అందరికీ, హనీ."

పులిహోర లంచం! పద్దెనిమిది వారాలు! నేను ఆ సున్నా ముందు ఛాతీ విరుచుకుని నిలబడి ఉంటే, వెనక ఎనిమిది లేన్ల జనం నవ్వాపుకున్నారన్నమాట. ట్రక్కు పెద్దాయన ఓడిపోయి నిజంగానే ఏడుపు మొహం పెట్టాడన్నమాట. ఆ కరీంనగర్ వాడి దగ్గు! ఇక్కడ నేను అరవాలి. నాకు అరవడానికి అన్ని హక్కులూ ఉన్నాయి. కానీ కట్ట మీద ఆ అయిదు అంకె చూస్తూ స్టూలు మీద కూలబడ్డాను. ఓనరమ్మ వేడి ఫ్రైలు తెచ్చి ముందు పెట్టింది. తిన్నాను. ఏడవలేదు. ఫ్రైల మీద కారం ఎక్కువైంది, అంతే.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి మా ఆవిడ చొక్కా ఇస్త్రీ చేస్తోంది.

"ఆలీకి వెళ్ళాను" అన్నాను.

ఇస్త్రీపెట్టె ఆగింది. "అరవలేదు కదా?"

"లేదు. గ్రేస్ మార్కులు అడిగాను."

ఆవిడ తలెత్తి చూసింది. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. "మీ అంతట మీరే వెళ్ళి అడిగారా?"

"ఆ. నీకొక సంగతి చెప్పాలి. ఇంజనీరింగ్‌లో నాకు డ్రాయింగ్..."

"నలభై వస్తే పాసు, మీకొచ్చింది ముప్పై ఆరు. పక్కన నక్షత్రం."

ఆవిడ ఇస్త్రీ కొనసాగిస్తూనే చెప్పింది. "మీ వీసా రెన్యువల్‌కి మెమోలన్నీ స్కాన్ చేసి లాయరుకి పంపించింది ఎవరనుకున్నారు? ముందు కాగితం మీద మరక అనుకున్నాను. రబ్బరు పెట్టి చెరిపాను కూడా. పోలేదు."

"మరి నన్నెందుకు అడగలేదు?"

"మీరు దాచుకున్నారు కదా, ఎందుకులే అనుకున్నా" అంది. "ఆ నాప్‌కిన్ రోజు మీ మొహం చూస్తే తెలిసింది, ఇది ఆట గొడవ కాదు, నక్షత్రం గొడవ అని. మిమ్మల్ని ఏమీ అనబుద్ధి కాలేదు. అలాగని నా గురువారం వదులుకోబుద్ధీ కాలేదు. అందుకే పులిహోర కలిపాను."

ఇన్నేళ్ళుగా నేను దేన్ని దాచానో, దాన్ని ఆవిడ ఫైల్లో పెట్టి, వరస నంబరు వేసి, భద్రంగా దాచింది. నేను చొక్కా కాలరు సరిగ్గా మడవలేదని వంక పెట్టాను. ఇస్త్రీపెట్టె నా చేతికిచ్చి పక్కకి తప్పుకుంది.

ఆఖరి గురువారం గోడ మీద ఒకటే కాగితం ఉంది. నేను వెళ్ళి చూశాను, ఆలీలో బంతులన్నీ ఆగిపోయాయి, అందరూ నన్నే చూస్తున్నారు. మాది అయిదో స్థానమే. కానీ ప్లస్ గుర్తు పక్కన రెండు వందల అరవై ఒకటి ఉంది. సీజన్‌లో మా ఆట కొంచెం బాగుపడిందట, అందుకు తగ్గించారట. తొమ్మిది మార్కులు! ఊరుకుంటానా? కౌంటరు దగ్గరికి వెళ్ళి, మాకు రెండు వందల డెబ్భై రావాలి, రీవాల్యుయేషన్ చేయండి అని గొడవ పెట్టాను. ఎనిమిది లేన్లూ విరగబడి నవ్వాయి. తమ్ముడికి ఈసారి నిజంగానే నాచోస్ పొలమారింది.

ఓనరమ్మ మార్కులు ఇవ్వలేదు గానీ వచ్చే సీజన్ ఫారం నా ముందు పడేసి నింపమంది. పైన కెప్టెన్ పేరు రాయాలి, కింద మిగతా ఇద్దరి పేర్లు. కిందటిసారి పైన నా పేరే రాశాను, అలవాటుగా. ఈసారి మా ఆవిడ పేరు పైన రాశాను, అక్షరం వదలకుండా పూర్తిగా. కింద రెండో గీత మీద నా పేరు రాసుకున్నాను. మొత్తం మీద నేను డిపెండెంట్‌గా ఉన్న కాగితం ఈ దేశంలో అదొక్కటే.

ఆవిడ ఫారం తీసుకుని మొదటి గీత మీది పేరు చదువుకుంది. చొక్కా జేబు మీద ఒకసారి బొటనవేలితో రాసింది. తర్వాత ఫారం నావైపు తిప్పి వేలు పెట్టి చూపించింది.

"మీ సంతకం ఇక్కడ. కోపం తెచ్చుకోకుండా పెట్టండి."